ఎదురుకాళ్ల కోడలు

కోరుట్లలో ఒక సాయిబులింటి కోడలు నడిరోడ్డు మీద, పోలీసుల కళ్ల ముందే, అత్తను ఎడమకాలితో తన్నిందట. తన్నులు తిన్న అత్త చక్కగా లేచి నిలబడి కోడలి నుదురు ముద్దు పెట్టుకుందట. అది చూసిన పోలీసులు జీపును వెనక్కి తిప్పుకొని పోయారట. పోక ఏం చేస్తారు మరి! ఆ కోడలు ఎదురుకాళ్లతో పుట్టిందట. తల్లి కడుపులోంచి తల ముందు కాకుండా కాళ్లు ముందు వచ్చినవాళ్ల పాదంలో ఏముంటుందో అందరికీ తెలిసిందే. ఎంత పట్టిన నడుమైనా ఒక్క తన్నుకు వదిలిపోతుంది. అటువంటి పాదానికి పోలీసు జీపు ఒక లెక్కా!

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. అయినా నోటి మాటకు టికెట్టుతో పని లేదు కనుక ఈ ముచ్చట కోరుట్లలో బయలుదేరి జగిత్యాల చేరింది, సారంగాపూర్ చేరింది, బీడీల గంపలతో పాటు బీర్పూర్ దాకా పోయింది, చివరికి సిరిసిల్లలో మగ్గాల చప్పుడులో కూడా వినబడింది.

ఆ కోడలి పేరు నాహీద్. సొంతూరు జగిత్యాల. తొమ్మిదో తరగతి సగంలో తల్లికి కుట్టుమిషను దగ్గర తోడు కావలసి వచ్చి బడి మానేసింది. ఆ తర్వాత మూడేళ్లకు ఖాలిద్‌తో నిఖా అయి కోరుట్ల వచ్చింది. ఖాలిద్ సిరిసిల్లలో మరమగ్గం నడుపుతాడు, వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో అత్తా కోడళ్లే. నాహీద్‌కు మాట తక్కువ. ఎవరైనా పేరు అడిగినా ముందు గోడను చూసి, తర్వాత నేలను చూసి, అప్పుడు చెప్పేది. కాని ఆమె కళ్లు ఊరికే ఉండేవి కావు. మనిషి గడప దాటి లోపలికి అడుగుపెట్టే తీరు చూసి, నొప్పి ఏ పక్కన ఉందో పోల్చుకునేది. పోల్చుకొని, లోపల్లోపలే ఉంచుకునేది.

అలా పోల్చుకోవడానికి ఆ ఇల్లే కారణం. అత్త రాబియా బీ నడుములు, మెడలు సరిచేస్తుంది. ఆమె తండ్రి తాలీంఖానాలో కుస్తీలు నేర్పిన పహిల్వాను. బెణికిన భుజాలు, పట్టిన నడుములు ఆయన సరిచేస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చొని చూసి నేర్చుకుంది. ఇంటి ముందరి గదిలో ఒక వెడల్పాటి బల్ల, నువ్వుల నూనె గిన్నె, ఉప్పు వేయించి మూట కట్టే పాత గుడ్డలు, అంతే ఆమె దుకాణం. చేతికి ఎంత పని ఉండేదో నోటికి అంతకు రెట్టింపు ఉండేది.

కోరుట్లలో ఇంటింటికీ బీడీల చాట ఉంటుంది. పొద్దున్నే వచ్చేది ఎక్కువగా ఆ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లే. పక్కవాడ దుర్గవ్వ అయితే రోజు తప్పి రోజు వచ్చేది.

"రాబియక్కా, మెడ తిరుగుతలేదే."

"ఎట్ల తిరుగుతది? పొద్దందాక చాట దిక్కే చూడవడ్తివి. ఎన్నడన్న మొగని దిక్కు చూసినవా?"

"ఆయన దిక్కు చూస్తె మెడ కాదక్కా, కండ్లు నొస్తయ్."

గది అంతా నవ్వేది. నవ్వుతున్నప్పుడు దుర్గవ్వ భుజాలు వదులయ్యేవి. రాబియా బీ వేళ్లు సరిగ్గా అప్పుడే పనిలోకి దిగేవి. పరదా వెనక నిలబడి నాహీద్ ఆ సంగతి కనిపెట్టింది. అత్త ఎవరినీ ఊరికే నవ్వించదు.

"ఇను దుర్గవ్వా," అనేది రాబియా బీ మెడ వెనక బొటనవేలు ఆనించి. "చాట ఒళ్లె పెట్టుకోకు. ముంగట పీటేసి దాని మీద పెట్టు. చాట మీదికొస్తె మెడ కిందికి వంగది. కట్ట కట్టంగనే లెవ్వు. గోడకు ఈపు ఆనిచ్చి, గడ్డం లోపటికి గుంజి జరసేపు నిలవడు. పండుకునేటప్పుడు గా బస్తా అసుంటి మెత్త తీసి అవతల పారెయ్. ఇగ బరువు ఎత్తేటప్పుడు..."

"మోకాళ్లు వంచాలె, నడుము వంచద్దు, బిందెను బిడ్డలెక్క కడుపుకు అత్తుకొని లెవ్వాలె. నోటికచ్చింది అక్కా."

"నోటికొస్తె ఏం లాభం? నడుముకు రావాలె."

కాళ్లు మొద్దుబారిపోయాయని, ఒంటికి పోవడానికి కష్టమవుతోందని ఎవరైనా అంటే మాత్రం రాబియా బీ చెయ్యి వేసేది కాదు. "గిది నా పని గాదు. కరీంనగర్ల పెద్ద డాక్టర్ దగ్గరికి పో. గిప్పుడే పో," అని గడప దాకా సాగనంపేది.

వచ్చినవాళ్లలో సగం మంది ఆమెను ఒక మాట తప్పకుండా అడిగేవారు. "అక్కా, నువ్వు ఎదురుకాళ్లతోటి పుట్టినవా?" రాబియా బీ నవ్వి ఊరుకునేది. అవుననేది కాదు, కాదనేది కాదు. అదీ నాహీద్ కనిపెట్టింది.

సమ్మె మొదలైన రెండో వారంలో పెద్ద రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పేర్చి, అక్కడే వండి, అక్కడే తిని, బండి కదలకుండా చేయడం ఆ రోజుల్లో ఊరూరా జరిగేది. ఏ వాడ వాళ్లది ఆ వాడ పొయ్యి. దుర్గవ్వ భర్త పోశం డప్పు బృందంతో పొద్దున్నే దిగాడు. దుర్గవ్వ నెత్తి మీద బియ్యం మూటతో వచ్చి రాబియా బీ గడప ముందు నిలబడింది.

"రాబియక్కా, నీ చెయ్యి తాకందే బగారన్నం బగారన్నం గాదు. నడువు. కోడల్ని గూడ తోలుకరా, పరదెన్క పెట్టి ముగ్గవెడ్తున్నవా ఏంది?"

నాహీద్ బుర్ఖా వేసుకొని వెళ్లింది. వెళ్లింది కాని రోడ్డు మీదికి రాలేదు. మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద, గోడ వైపు తిరిగి కూర్చొని ఉల్లిగడ్డలు కోసింది. అంత మంది మనుషుల్ని ఆమె ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. టీచర్లు, బీడీల ఆడవాళ్లు, వకీళ్లు, ఆటోవాళ్లు, పొయ్యి ఊదుతున్న ఒక బ్యాంకు సారు, ఆయన కళ్లద్దాల మీద బూడిద. పోశం డప్పు కొడుతుంటే ఆమె కాలి బొటనవేలు చెప్పులో తనంతట తాను ఆడింది. ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకుంది.

నడిపొద్దుకు అన్నం దమ్ము మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే పోలీసు జీపు, దాని వెనక వ్యాను వచ్చి ఆగాయి. పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లంతా నినాదాలు ఇస్తూ అటు ఉరికారు. గుండిగ దించవలసిన ఇద్దరు మొగవాళ్లూ ఉరికారు. పొయ్యిలో కట్టె భగ్గున మండింది. అడుగంటే వాసన మొదట పట్టింది రాబియా బీ ముక్కే.

ఊరందరికీ బరువు ఎత్తడం నేర్పిన మనిషి అప్పుడు చేసిన పని నాహీద్ అరుగు మీద నుంచి కళ్లారా చూసింది. రాబియా బీ మోకాళ్లు వంచలేదు. కడుపుకు అత్తుకోలేదు. కొంగుతో గుండిగ కడియాలు రెండూ పట్టుకొని, నిలువునా నడుము వంచి, ఒక్క ఊపున ఎత్తి పక్కన పెట్టింది. అన్నం దక్కింది. ఆమె మాత్రం మళ్లీ నిటారు కాలేదు. రెండు అడుగులు వంగే నడిచి, మెల్లగా మోకాళ్ల మీద కూలబడి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది.

పడుకున్న చోటు జీపుకు నేరుగా ఎదురుగా ఉంది.

దుర్గవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత రెండు చేతులూ పైకెత్తి అరిచింది. "అగో! రాబియక్క పండుకున్నది! జీపుకు అడ్డం పండుకున్నది! మీరేం చూస్తుండ్రే, పండుకోండ్రి!"

ముందు దుర్గవ్వే పడుకుంది. ఆమె పక్కన బీడీల ఆడవాళ్లు, వాళ్ల పక్కన టీచర్లు, వకీళ్లు నల్ల కోట్లతోనే. బ్యాంకు సారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని మరీ పడుకున్నాడు. పోశం డప్పును కడుపు మీద పెట్టుకొని, పడుకునే కొట్టాడు. జై తెలంగాణ అనే కేక నేల మీద నుంచి లేచింది.

ఎస్సై జీపు దిగాడు. నడివయసు మనిషి, దిగేటప్పుడు ఒక చెయ్యి నడుము మీద వేసుకొని దిగాడు. "పెద్దమ్మా, మీరు లేస్తే అందరూ లేస్తారు. లేవండి," అన్నాడు.

రాబియా బీ కళ్లు మూసుకొని పళ్లు బిగపట్టింది.

"ఎంత పట్టుదల చూడు!" అంది దుర్గవ్వ మెచ్చుకోలుగా.

"సరే," అన్నాడు ఎస్సై వాచీ చూసుకుంటూ. "కొంచెం సేపు చూస్తాను. తర్వాత కాళ్లు చేతులు పట్టి ఒక్కొక్కరినీ వ్యాను ఎక్కిస్తాం. మొదలు మీతోనే పెద్దమ్మా."

ఆ మాట వినగానే నాహీద్ చేతిలో కత్తి ఆగిపోయింది. అత్త కాలివేళ్లు ముడుచుకొని ఉండటం ఆమెకు కనబడింది. ఎడమ చెయ్యి నడుము కింద దూర్చి ఉండటం కనబడింది. ఇన్నాళ్లూ పరదా వెనక నుంచి చూసినవన్నీ ఇటువంటి మనుషులనే. కాళ్లు చేతులు పట్టి అట్లా ఊపి ఎత్తితే ఆ నడుము ఏమవుతుందో ఆమెకు తెలుసు. అరుగు దిగింది. అన్ని కళ్లూ తన మీదే ఉన్నట్టు అనిపించి చెవులు కాలిపోయాయి. పడుకున్నవాళ్ల మధ్య దారి చూసుకుంటూ వెళ్లి అత్త తల దగ్గర కూర్చుంది.

"అమ్మీ, పట్టిందా?"

రాబియా బీ ఉర్దూలో, పక్కవాళ్లకు అందకుండా చెప్పింది. "పట్టింది బేటీ. కుడి పక్క. ఊపిరి గూడ ఆడుతలేదు. ఎవ్వరికి చెప్పకు. ఊరి నడుములు సరిజేసే రాబియా నడుమే పట్టిందంటే రేపు నా గడప ఎవలు తొక్కుతరు? గీ పోలీసోడు నన్ను ఎత్తకముందే నేను లెవ్వాలె. నువ్వే లేపాలె."

"నేనా! నాకు రాదమ్మీ."

"ఏడాది సంది పరదెన్క నిలవడి ఏం చూసినవ్ మరి? నీ కండ్లకు వచ్చింది నీ కాలుకు రాదా? ముందుగాల నన్ను బోర్ల వండవెట్టు."

నాహీద్ ఆమె మోకాళ్లు ముడిచి, భుజాన్నీ తుంటినీ ఒక్కసారే పట్టుకొని దుంగను దొర్లించినట్టు దొర్లించింది. రాబియా బీ ముఖం రోడ్డు వైపు తిరిగింది. అది చూసి దుర్గవ్వ, "బోర్ల వండుకోమంటుండ్రే!" అని కేకవేసి తానూ తిరిగింది. రోడ్డు మీద ఉన్న జనమంతా వరసగా బోర్లా తిరిగారు. పోశం ఒక్కడికే ఇబ్బంది అయింది, డప్పు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"ఇగ చెప్పు ఇడిసి కాలు పెట్టు," అంది రాబియా బీ నేలకు చెబుతున్నట్టు. "బొక్క మీద కాదు, బొక్క పక్క కండ మీద. మడిమె ఆనియ్యి."

నాహీద్ అదిరిపడింది. "మీ మీద కాలా? తోబా తోబా! చేతులతో అదుముత."

"నీ చేతులు రొట్టెలు వత్తనీకి సాలుతయ్ గని గీ పట్టుకు సాలవు."

"పెద్దవాళ్ల మీద కాలు పెడితే పాపం అమ్మీ. ఇందరు చూస్తుండ్రు."

ఎస్సై మళ్లీ వాచీ చూసుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చేతులు దులుపుకొని ముందుకు కదిలారు. రాబియా బీ ఒకసారి కళ్లు మూసుకొని తెరిచింది.

"ఇను. నీకు చెప్పద్దనుకున్న. నువ్వు ఎదురుకాళ్లతోటి పుట్టినవ్. మీ అమ్మ నిఖానాడు నా చెవుల చెప్పింది. ఎదురుకాళ్లోళ్లు కాలు పెడితే పాపం గాదు, దవా."

నాహీద్ ఇంకా దగ్గరికి వంగింది. "మరి జగిత్యాలల నన్ను ఎవ్వరు పిలువలేదేంది?"

"దాచిపెట్టింది. అందరి నడుములు తన్నే పిల్లను ఎవలు చేసుకుంటరని. నేను చేసుకున్న గద! ఇగ పెట్టు."

నాహీద్ లేచి నిలబడింది. బుర్ఖా అంచు కొంచెం పైకి పట్టుకొని చెప్పు విడిచింది. తన పాదం వైపు చూసుకుంది. పుట్టిన నాటి నుంచి తనతోనే ఉన్న పాదం, అప్పుడే ఎవరో బహుమానం ఇచ్చినట్టు కనబడింది. మడమ తెచ్చి అత్త నడుముకు కుడి పక్కన ఆనించింది.

"అగో! కోడలు అత్తను తొక్కుతున్నది!" అన్నారెవరో.

డప్పు ఆగిపోయింది. రోడ్డు మీద ఉన్న తలలన్నీ లేచాయి. నాహీద్‌కు ఏదీ వినబడలేదు. అత్త వీపు పైకి లేవడం, కిందికి దిగడం మాత్రమే చూస్తోంది. రాబియా బీ ఊపిరి విడిచింది. నాహీద్ బరువు కొంచెం మోపింది. అత్త ఇంకోసారి విడిచింది. నాహీద్ ఇంకొంచెం మోపింది. మూడో ఊపిరికి మడమ కింద గట్టిగా ముడుచుకొని ఉన్నదేదో మెత్తబడి జారిపోయింది. టక్కుమని చిన్న చప్పుడైంది. రాబియా బీ "యా అల్లా!" అని గట్టిగా అరిచింది.

ఎస్సైకి వినబడింది ఆ అరుపు ఒక్కటే. చేతులు అడ్డం ఊపుతూ ఉరికొచ్చాడు. "అమ్మా, వద్దమ్మా! పెద్దమనిషిని తన్నకు! నేను లేపమన్నానని ఇట్లా తంతావా? మాకీ పాపం వద్దు. మేమే పోతాం." కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "బండి తిప్పండయ్యా. ఊరి వెనక నుంచి పోదాం."

జీపు తిరిగింది. వ్యాను తిరిగింది. అప్పటిదాకా బోర్లా ఉన్న జనం ఒక్క ఉదుటున లేచి ఎగిరారు. రాబియా బీ తొందరపడలేదు. పక్కకు ఒత్తిగిలి, మోచెయ్యి ఆనించి, మోకాళ్లు వంచి, తాను ఊరికి నేర్పిన తీరులోనే లేచింది. లేచి నిటారుగా నిలబడి, కోడలి తల దగ్గరికి తీసుకొని నుదుటి మీద ముద్దు పెట్టింది.

"ఏమే పోరీ, మా అక్కను ఎందుకు తన్నినవే?" అని దుర్గవ్వ కొంగు బిగించి మీదికొచ్చింది.

నాహీద్ గోడ కోసం చూసింది. రోడ్డు మధ్యలో గోడ లేదు. ఇక నేల వైపు కూడా చూడలేదు. "తన్నలేదక్కా. నేను ఎదురుకాళ్లతోటి పుట్టిన. గీ కాలు ముందుగాల అమ్మీకి ఆనిచ్చి దీవెన తీసుకున్న," అంది. అంత పెద్ద మాట, అంత పెద్ద గొంతుతో ఆమె అంతకుముందు చెప్పింది లేదు. అత్త నడుము సంగతి అందులో ఎక్కడా రాలేదు.

దుర్గవ్వ కొంగు వదిలేసింది. "నిజమేనా? ఓ పోశం, ఇటు రా! నీ నడుము పట్టు వట్టి ఎన్ని దినాలాయె?"

ఆ రోజు అన్నం అడుగు మాడలేదు. వచ్చిన వాడలన్నీ తిన్నాయి.

మరునాటి నుంచి గడప ముందు చెప్పుల గుంపు పెరిగింది. అందరూ పాదమే అడిగేవారు. రాబియా బీ బల్ల పక్కన పీట వేసుకొని కూర్చొని, ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కోడలి చెయ్యి పట్టుకొని చూపించింది. పాదం ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో చెప్పింది. పెట్టకూడనివే ఎక్కువ. పరదాను తీసి ఉతికి ఆరేశారు. దాన్ని మళ్లీ కట్టాలని ఇద్దరికీ గుర్తు రాలేదు.

నాలుగు రోజుల తర్వాత ఖాలిద్ నూలు లారీ ఎక్కి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"అమ్మీ, సిరిసిల్లల మగ్గాల కాడ ఏమంటుండ్రో ఎరుకనా? నీ పెండ్లాం మీ అమ్మను బజాట్ల తన్నిందట గదరా అని నవ్వుతుండ్రు."

"తన్నింది నిజమే," అంది రాబియా బీ బియ్యం ఏరుతూ. "మంచిగ తన్నింది. నువ్వు గూడ బోర్ల వండుకో. పొద్దందాక మగ్గం మీద వంగి వంగి ఒక్క భుజం కిందికి జారింది, చూసుకున్నవా?"

ఖాలిద్ పడుకున్నాడు, నాహీద్ మడమ ఆనించింది. లేచాక భుజం తిప్పి చూసుకున్నాడు, భార్యను చూశాడు. సిరిసిల్ల తిరిగి పోయి, మగ్గం కింద ఇటుక పేర్చుకొని ఒక కాలు మార్చి ఒక కాలు దాని మీద పెట్టి నిలబడాలని పక్కవాళ్లకు చెప్పాడట. అది నాహీద్ చెప్పి పంపిన మాట.

ఒక పొద్దున ఎస్సై కూడా వచ్చాడు, లుంగీ మీద. "ఎదురుకాళ్ల అమ్మాయి ఉందా?" అని మెల్లగా అడిగాడు. దుర్గవ్వ గదిలోనే ఉంది. "సారూ, బోర్ల వండుకోండ్రి. ఇగ మీ వంతు," అంది.

గడప ముందు జనం తగ్గేది లేదని తేలాక రాబియా బీకి ఇక దాచవలసిన అవసరం లేకపోయింది. బరువులు ఎత్తడం గురించి చెప్పేటప్పుడు ఆమే బయటపెట్టేది. "నడుము వంచి గుండిగ ఎత్తిన. పట్టుకున్నది. అందుకే రోడ్డు మీద పడ్డ. మీరు గట్ల ఎత్తకుండ్రి." ఎవరూ నమ్మేవారు కాదు. "ఎంత మంచి గుణమక్కా నీది! తెలంగాణ కోసం అడ్డం పండుకొని గూడ చెప్పుకోవు," అనేవారు.

సమ్మె ముగిసి బస్సులు కదిలాక, జగిత్యాల నుంచి నాహీద్ తల్లి మెహజబీన్ మొదటి బస్సుకే దిగింది. బిడ్డను లోపలి గదిలోకి లాక్కుపోయి, రెండు భుజాలూ పట్టుకుంది.

"ఎదురుకాళ్లతోటి పుట్టినవని ఊరంత చెప్పుకుంటున్నవట. ఎవలు చెప్పిండ్రే నీకు?"

"నువ్వే చెప్పినవంట. నిఖానాడు, అమ్మీకి."

"నేనా! నేను ఎన్నడు చెప్పలే. ముందుగాల నీ తల వచ్చింది. కాన్పు చేసిన దాయమ్మ నీ జుట్టు చూసి, గీ పిల్లకు జడ మంచిగొస్తది అన్నది. ఆ తరువాతనే తక్కినవన్ని వచ్చినయ్."

ముందు గదిలో రాబియా బీకి ఒక్కసారిగా దగ్గు వచ్చింది. ఎంతకూ ఆగలేదు.

నాహీద్ ఆ దగ్గు వింటూ నిలబడింది. మెల్లగా ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకొని తల్లి కంగారుపడింది. నాహీద్ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. బయట గడప దగ్గర ఎవరిదో గొంతు వినబడింది. "ఎదురుకాళ్ల బిడ్డ ఉన్నదా? బీర్పూర్ నుంచి వచ్చినం."

"ఉన్న, రాండ్రి," అంటూ నాహీద్ చెప్పులు విడిచి ముందు గదిలోకి వెళ్లింది. వచ్చినామె అడుగు తీసి అడుగు వేసే తీరు చూసి, "ఎడమ పక్కనే గద నొస్తుంది?" అని అడిగింది.

నాహీద్ అందరిలాగే తల ముందుగానే పుట్టింది.